వలస కూలీల అర్రను తెర మీద ఎట్ల చూపాలె? పాలమూరు కథలకు కెమెరా ఎక్కడ పెట్టాలె?

పేట_కెమెరా
పాలమూరు వలస మీద వచ్చే షార్ట్ ఫిల్ములు చూస్తుంటే విసుగొస్తున్నది. మొదటి షాటు నెర్రెలు వాసిన చెలక. తర్వాత డ్రోన్. తర్వాత బస్టాండుల మూటలు, ముసలమ్మ కన్నీళ్లు. బస్సు కదిలిందంటే సినిమా అయిపోయినట్టే. మనిషి ఏడాదిల ఎక్కువ నెలలు బతికే చోటు, బొంబాయి రేకుల అర్ర, సైటు పక్క గుడిసె, సెల్లార్‌ల వాచ్‌మన్ గది, తెర మీదికి రానే రాదు. వచ్చినా రెండు నిమిషాలు: చీకటి, ఒక బల్బు, ఒక దగ్గు. వలసంటేనే చోటు మారుడు. ఆ చోటే కనపడకపోతే అది వలస సినిమా ఎట్లయితది?

నా స్క్రిప్టు 20 నిమిషాలు. అందుల 12 నిమిషాలు పది బై పది అర్రలనే, ఎనిమిది మంది మగోళ్లు. నిజం గదిల తియ్యాల్నా, సెట్టు వెయ్యాల్నా? ఏ లెన్సు? బయట దేశాల సినిమాలు వలసొచ్చినోళ్ల ఇండ్లను ఎట్ల పట్టినయి? తెలిసినోళ్లు వివరంగ రాయుండ్రి.

లెన్సు_మల్లన్న
ముందు లెక్క చూసుకో తమ్మీ. అర్ర పది అడుగులే గని కెమెరా, ట్రైపాడ్, వెనక నిలబడే మనిషి కలిసి రెండున్నర అడుగులు తింటరు. మిగిలేది ఏడున్నర. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాకు 24 ఎంఎం లెన్సు పెడితే ఎదురు గోడ మీద 11 అడుగుల వెడల్పు కనపడుతది, అంటే గోడ మొత్తం వచ్చేస్తది. 35కు ఏడున్నర అడుగుల పైచిలుకు. 50కి అయిదడుగుల చిల్లర. చిన్న సెన్సర్ కెమెరా అయితే ఈ లెన్సు అంకెలను ఒకటిన్నరతో భాగించు: 24కు బదులు 16, 35కు బదులు 23 లేదా 24.

చాలామంది 16, 18 కొనుక్కొచ్చి గదంత ఒక్క ఫ్రేములకు ఎక్కిస్తరు. అక్కడే దెబ్బ పడుతది. వెడల్పు లెన్సుల మూలలు దూరం జరుగుతయి, ఇరుకు అర్ర ఫంక్షన్ హాలోలె కనపడుతది. ఇరుకు తెలవాలంటే గోడ రెండు చివరలు ఒక్కసారే కనపడొద్దు. 35 పెట్టి ముక్కలు ముక్కలు చూపు. చూసేటోడు అర్రను తన తలల అతుకుకుంటడు, ప్రతి ముక్కల ఇంకో మనిషి కాలో చెయ్యో అడ్డం ఉంటది.

ఇంకొకటి, లెన్సు కన్ను బాగ తెరిచి, అంటే ఎఫ్ 1.4ల తీసి వెనకంత మసక చెయ్యకు. వెనకున్న ఏడుగురు మబ్బుల కలిసిపోతే ఎనిమిది మంది ఉన్న సంగతే పోతది. 5.6 కాడ ఉంచు, ఐఎస్ఓ (సెన్సర్ వెలుగు పట్టే లెక్క) 1600 నుంచి 3200 దాక పోయినా పరవాలేదు. లెన్సు ఎత్తు నేల నుంచి రెండున్నర అడుగులు. అక్కడ అందరు కింద కూసుండేటోళ్లు. నిలబడ్డ మనిషి ఎత్తుల కెమెరా పెడితే చుట్టపు చూపుగ వచ్చిన అధికారి చూసినట్టుంటది. కింద పెడితే రేకుల కప్పు కూడ ఫ్రేముల దిగుతది.

సెట్టు_మేస్త్రి
సెట్టే వెయ్యి. నిజం గదిల 12 నిమిషాల సినిమా అంటే నాలుగైదు రోజుల పని, ఆ అర్రల ఉండేటోళ్లు అన్ని రోజులు ఎక్కడ పండాలె? వాళ్ల చోటు గుంజుకొని వాళ్ల బాధ తీసుడు న్యాయం గాదు.

ఖర్చు పెద్దగ ఏం గాదు. ఎనిమిది అడుగుల ఎత్తు, పదడుగుల గోడకు ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ రెండున్నర షీట్లు. నాలుగు గోడలకు పది. 6 ఎంఎం చాలు, వెనక రెండు బై ఒకటి ఇంచుల కట్టె ఫ్రేము, రెండడుగులకొక నిలువు. 12 ఎంఎం తెస్తే లేపేటందుకు నలుగురు కావాలె. అతుకుల మీద పేపరు, మైదా జిగురు అంటించి రంగెయ్యి. పైన రేకులు మొత్తం కప్పకు, కెమెరాకు కనపడేంత మూడడుగుల పట్టీ చాలు, మిగిలింది లైటుకు విడిచిపెట్టు.

కొత్త సెట్టు దొంగతనం మరకల కాడ దొరుకుతది. అంతటా ఒకే తీరు మసి పూస్తరు. నిజంగ మరకకు జాగ ఉంటది: కూసుంటే తల ఆనేకాడ, నేలకు రెండున్నర మూడడుగుల ఎత్తుల నూనె జిడ్డు పట్టీ. స్విచ్చు చుట్టు చెయ్యి నలుపు. స్టవ్ మీద గోడకు నిలువు మసి. దర్వాజకు ఒక పక్కనే, చెయ్యి పట్టేకాడ, రంగు పోయి ఉంటది. నీళ్ల డ్రమ్ము కింద సున్నపు తెల్ల చార.

ఇప్పుడు అసలు పని. నేల మీద సున్నంతో గీసి చూడు. పండుకున్న మనిషికి రెండడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. పదడుగుల గోడకు తలలు పెట్టి వరుసగ పండితే అయిదుగురు. కాళ్ల కాడ నాలుగడుగుల పట్టీ మిగులుతది. దాంట్ల అడ్డంగ ఇద్దరు. ఇంకా మిగిలేది నాలుగు బై నాలుగు మూల: డ్రమ్ము, చిన్న సిలిండర్, గిన్నెలు, దర్వాజ తెరుచుకునే జాగ. ఏడుగురే పట్టిన్రు. ఎనిమిదోవాడు ఎక్కడ పంటడు? నీ కథ అక్కడ ఉన్నది.

పేట_కెమెరా
మేస్త్రీ, స్క్రిప్టుల ఎనిమిది అని ఊకె రాసిన. నువ్వు గీసి చూపెట్టినంక ఆ అంకెకు అర్థం వచ్చింది. గడప బయట పండుతడా, మిద్దె మీదనా, రాత్రి డ్యూటీకి పోతడా? మూడింటికి మూడు కథలు.

మూసీగట్టు
ఇరుకు, ఇరుకు అని మీరంత లెన్సులు పట్టుకున్నరు గని, ఇరుకు చూపిన ప్రతిసారి జాలి తప్ప ఇంకేం పుడుతలేదు. ఆ అర్రల పేకాట ఉంటది, ఊరి తగాదాలుంటయి, ఆదివారం కోడికూర ఉంటది. జైలు తీరు తీస్తే వాళ్లు ఖైదీలైతరు.

తంగెడుపువ్వు
మూసీగట్టు గారి మాటకు బలమిచ్చే సినిమా ఒకటుంది. జర్మన్ దర్శకుడు ఫాస్‌బిండర్ 1974లో తీసిన 'ఫియర్ ఈట్స్ ద సోల్'. మ్యూనిక్‌లో మొరాకో నుంచి వచ్చిన కార్మికుడు అలీ, అతనికంటే వయసులో చాలా పెద్దదైన, ఊడ్చి తుడిచే పని చేసే జర్మన్ స్త్రీ ఎమ్మి. అందులో బాధ పెట్టేది ఇరుకు కాదు, ఖాళీ. పసుపు కుర్చీలు వేసిన ఆరుబయట హోటల్లో వాళ్లిద్దరే మధ్యలో కూర్చుంటారు, పనివాళ్లంతా దూరంగా వరుసకట్టి నిలబడి చూస్తుంటారు. ఎవరూ ఏమీ అనరు. ఆ దూరమే తిట్టు.

ఇంట్లో అయితే దర్శకుడు కెమెరాను ఇవతలి గదిలో ఉంచి, గుమ్మంలోంచి వాళ్లను చూపిస్తాడు. తెరలో మూడో వంతే మనుషులు, మిగతాదంతా దర్వాజ చెక్క, గోడ. ఇరుగుపొరుగు ఆడవాళ్లు మెట్ల దగ్గర కటకటాల వెనక గుసగుసలాడతారు, చూస్తే జైల్లో ఉన్నది వాళ్లా వీళ్లా అనిపిస్తుంది. దీనికి ఖర్చు లేదు. కావలసింది ఒకదాని వెనక ఒకటి రెండు గుమ్మాలు, ఇవతలి గదిలో కెమెరా, 50 లెన్సు. అయితే ప్రతి షాటూ అలాగే తీస్తే మూడోసారికి ప్రేక్షకుడు కిటుకు పట్టేస్తాడు. కథలో బయటివాళ్ల చూపు పడే చోటుకే దాచుకోవాలి.

లెన్సు_మల్లన్న
అక్క చెప్పింది నిజమే గని పది బై పదిల రెండు గుమ్మాలు ఎక్కడివి? ఒకటే దర్వాజ. బయట వసారాల పెట్టి తియ్యాలె.

తంగెడుపువ్వు
వసారాలో పెట్టండి. అక్కడే ఆ ఎనిమిదోవాడు పడుకున్నాడనుకోండి, లోపలి ఏడుగురినీ అతని భుజం మీదుగా చూపించవచ్చు. అప్పుడు ఇరుకు అర్ర కూడా అతనికి కావలసిన చోటుగా కనబడుతుంది, జాలి పక్కకు పోతుంది.

పేట_కెమెరా
ఇది రాసి పెట్టుకుంటున్న.

చందూరు_సాంచె
బొంబాయి సైటే ఎందుకు, బొంబాయి పక్క భివండీ చూడుండ్రి. నల్లగొండ పద్మశాలీలు తరాలుగ పోయిన తొవ్వ అది. సాంచెల (కరెంటు మగ్గాల) కాడ పన్నెండు గంటల పాళీ, పగలోళ్లు రాత్రోళ్లు. అందుకే ఒకే చాప మీద ఇద్దరు పంటరు, ఒకరు లేస్తే ఇంకొకరు. అర్ర ఎప్పుడూ నిండే ఉంటది, చాప సల్లవడదు. మేస్త్రి లెక్కల ఎనిమిదోవాడికి చోటు దొరకలేదన్నరు గదా, పాళీలున్న కాడ అదే పది బై పదిల పద్నాలుగు మంది ఉంటరు. తిండి బయట బిస్సీల, అంటే నెలకింత అని కట్టే మెస్సుల. కాబట్టి అర్రల స్టవ్ పెట్టకుండ్రి, అక్కడ వంట ఉండదు.

పాళీ మారే పావుగంట ఒక్కటి చాలు సినిమాకు. పోయేటోడు లుంగీ విప్పి దండెం మీదేస్తడు, వచ్చేటోడు జుట్టుల దూది దులుపుకుంటడు. ఇద్దరు ఒకే ఊరోళ్లు అయినా ఆదివారం దాక నాలుగు మాటలు కలవయి.

సౌండు_రీలు
సాంచెల మాటొచ్చింది గనుక శబ్దం సంగతి. గిరాకీ లేని శాఖ మాది, ఎవరూ అడగరు. చోటును కంటికంటే ముందు చెవి పడుతుంది.

నడుస్తున్న సాంచెల షెడ్డులో శబ్దం 90 డెసిబెల్స్ దాటుతుంది, అక్కడ డైలాగు రికార్డు చేద్దామనుకోవడం వృథా. నిజంగానే అక్కడ ఎవరూ మామూలుగా మాట్లాడరు, చేతి సైగ, లేదా చెవి దగ్గర నోరు పెట్టి కేక. కాబట్టి అలాగే తీయండి. షెడ్డు శబ్దాన్ని మూడు చోట్ల విడిగా పట్టుకోండి: మగ్గం పక్కన, షెడ్డు గుమ్మంలో, పండే అర్రలో తలుపు మూసి. ఒక్కో చోట రెండేసి నిమిషాలు. ఎడిటింగ్‌లో అర్ర సీనుకు మూడోది వేసి పైన డైలాగు పెడితే గోడ అవతల ఏముందో చూపించనక్కర్లేదు.

రేకుల అర్రకు వేరే తలనొప్పి ఉంది. ఎండ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రేకు సాగి ముడుచుకుని టిక్కు టిక్కుమంటుంది, ప్రతి టేకులోనూ పడుతుంది. డైలాగు సీన్లు ఎండ రాకముందు తెల్లవారుజామునో బాగా చీకటి పడ్డాకో పెట్టుకోండి. గోడలు గట్టివి, మాట గణగణమంటుంది, ఫ్రేముకు కనపడని రెండు గోడలకు బొంతలు వేలాడదీయండి. ఫ్యాన్ ఆపండి, కాని ఫ్యాన్ శబ్దం విడిగా ఒక నిమిషం తీసుకోండి, లేకుంటే తర్వాత అతుకులు వినపడతాయి. బొంబాయి అర్రలో పాలమూరు వినపడాలంటే పాట అక్కర్లేదు, జొన్నరొట్టె కొట్టే చప్పుడు చాలు. పక్క అర్రలో చపాతీ కర్ర శబ్దం, ఇక్కడ చేతి దెబ్బ. ఎవరు ఎక్కడివాళ్లో చెప్పేసినట్టే.

అచ్చంపేట_అక్క
ఇంతసేపు మగోళ్ల అర్ర ముచ్చటే నడుస్తున్నది. పాలమూరు లేబర్ అంటే జంటలు గదా! మొగుడు పెండ్లాం కలిసి పోతరు, సంకల పిల్ల. గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చేటప్పుడు జంటను చూసే ఇస్తడు. వాళ్ల చోటు ఎట్లుంటదో ఏ షార్ట్ ఫిల్ముల చూపిన్రు?

సైటు గుడిసెల నడుమ గోడలుండయి, పట్టా ఒకటి, పాత చీర ఒకటి. ఆడామె తానం తెల్లారి నాలుగింటికి, నాలుగు కట్టెలకు చీర చుట్టిన మరుగుల. ఎందుకంటే అయిదింటికి మగోళ్లు లేస్తరు. పిల్లకు ఊయల సెంట్రింగు కట్టెలకు కడ్తరు, తట్ట మోసుకుంట పోతూ పోతూ ఒక తోపు తోస్తది. గా ఊయల తాడు కాడ కెమెరా పెడితే ఆమె దినమంత ఎంత దూరం పొయ్యి వస్తదో తెలుస్తది, వేరే డైలాగు అక్కర లేదు.

బి. నర్సింగరావు 'మట్టి మనుషులు' 1990ల వచ్చింది, అర్చన చేసింది. పల్లె నుంచి హైదరాబాద్ వచ్చి కట్టుడు పనిల చేరిన కూలీల కథ. ముప్పై అయిదేండ్ల కింద మనోడే తొవ్వ చూపిండు. పొద్దంత కట్టేది ఒక చోటు, పొద్దుగూకితే పండేది ఇంకో చోటు. రెండింటికి మధ్య నడిచే ఆడమనిషిని అటు ఇటు రెండు చోట్లా చూపాలె. బయటి దేశాలకు పోయే ముందు అది చూసి రాండ్రి.

మూసీగట్టు
అక్కకు దండం. పేట_కెమెరా, స్క్రిప్టుల ఒక్క ఆడమనిషన్న ఉన్నదా?

పేట_కెమెరా
ఫోన్‌ల గొంతే ఉన్నది. పక్క గుడిసె జంటను రాస్తున్న ఇప్పుడు.

దాదర్_టు_జడ్చర్ల
బొంబాయి పాత తెలుగు వాడలు తీసేటోళ్లకు ఒక హెచ్చరిక. చాల్ (బొంబాయి కూలీల వరుస గదుల ఇల్లు) అనగానే బయట పొడుగు వరండా, కటకటాలు, బట్టలు ఆరేసిన సెట్టు వేస్తారు. వర్లీ బీడీడీ చాళ్లు అలా ఉండవు. 1920ల్లో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టినవి, కింది అంతస్తు మీద మూడు. మధ్యలో చీకటి నడవా, దానికి అటు పది ఇటు పది గదులు, ఒక్కో గది 160 చదరపు అడుగులు, దొడ్డి అంతస్తుకంతా ఉమ్మడి. అంటే పొరుగువాళ్లు వరండాలో పక్కపక్కన నిలబడరు, నడవాకు ఎదురెదురు తలుపుల్లో కూర్చుంటారు. సంభాషణ ఎదురెదురుగా జరుగుతుంది, కాబట్టి కెమెరా నడవాలో పొడుగ్గా నిలబెట్టాలి, రెండు చివరల నుంచి మాత్రమే వెలుగు. ఇప్పుడు ఆ చాళ్లు కూల్చి టవర్లు కడుతున్నారు, నిజం నడవాలు తీయాలంటే ఆలస్యం చేయొద్దు.

కామాటిపురకు ఆ పేరు మన తెలంగాణ నుంచి వెళ్లిన కామాటీల వల్లే వచ్చింది. సినిమాల్లో మాత్రం అది ఒక్క రకం వీధిగానే కనపడుతుంది. ఆ ఊరు కట్టిన కూలీల పేరు మీదున్న పేటలో ఆ కూలీలే కనపడరు, ఇంతకంటే అన్యాయం ఉందా.

సూర్యాపేట_న్యూజెర్సీ
అమెరికా పోయినోళ్లు కూడ వలసోళ్లే. మన పెద్ద సినిమాలల్ల అమెరికా అంటే గోల్డెన్ గేట్ వంతెన, టైమ్స్ స్క్వేర్, ఎర్ర కారు. నల్లగొండ పిల్లలు ఉండేది రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంటుల నలుగురైదుగురు, హాల్‌ల గాలి పరుపు, కిచెన్ తలుపుకు పొగ సైరన్ భయం. పోపు పెడితే మోగుతది గదా, అందుకే సైరన్ కింద నిలబడి టవల్ ఊపుతరు. అది తెలుగు సినిమాల చూపంగ నేనైతే చూడలేదు.

కొరియా కుటుంబం కథ 'మినారి' 2020ల వచ్చింది. ఆర్కాన్సాస్ చేనుల చక్రాల మీద నిలబెట్టిన ఇల్లు, దర్వాజకు మెట్లే ఉండయి. మొదటి రోజు ఒకరినొకరు పట్టుకొని ఎక్కుతరు. భార్యకు ఆ ఇల్లు నచ్చలేదని ఒక్క మెట్టు లేకపోవుడే చెప్పింది.

దేవరకొండ_డప్పు
ఎనిమిది మంది గురించి అడిగితే న్యూజెర్సీ దాక పోయినం, మస్తుగున్నది. పేట_కెమెరా బడ్జెట్‌ల విమానం టికెట్ కూడ కలుపుకో 😀

ఎర్రగోడ
వీధి సంగతి ఎవరూ ఎత్తలేదు. స్పైక్ లీ 'డూ ద రైట్ థింగ్' (1989) మొత్తం బ్రూక్లిన్‌లోని ఒకే వీధి ముక్కలో, ఒకే మండుటెండ రోజు. ఇటాలియన్ కుటుంబపు పిజ్జా కొట్టు, ఎదురుగా కొరియన్ల కిరాణా. ఆ రెండూ అక్కడ లేవు, ఖాళీ జాగాల్లో సెట్టు వేశారు. సెట్టు డిజైనర్ విన్ థామస్ ఒక గోడ మొత్తాన్ని ఎర్రగా రంగేయించాడు, ముగ్గురు పెద్దమనుషులు దాని ముందే కూర్చుని మాట్లాడుకుంటారు. వేడి ఆ గోడ నుంచే వస్తున్నట్టుంటుంది. ఎవరి కొట్టు, ఎవరి అరుగు, ఎవరి గోడ మీద ఎవరి ఫొటోలు ఉండాలి అనే దాని మీదే గొడవ మొదలవుతుంది.

'లా హేన్' (1995) పారిస్ శివారు గృహసముదాయం. వలస కుటుంబాల పిల్లలు ముగ్గురు. సొంత పేటలో కెమెరా వాళ్లతో పాటు తేలిగ్గా తిరుగుతుంది. పారిస్ చేరగానే ఒక్క షాటులో కెమెరా వెనక్కి జరుగుతుంటే జూమ్ ముందుకు పోతుంది, ముగ్గురూ అంతే ఉంటారు, వెనక నగరం మీదికొస్తుంది. ఊరు మారిందని కెమెరానే చెప్పింది.

మన కథకు కూడా అర్ర ఒక్కటే సరిపోదు. పొద్దున లేబర్ అడ్డా, సాయంత్రం కల్లు కంపౌండు, ఆదివారం రీచార్జి దుకాణం ముందు గుంపు. వాళ్లు కాళ్లు చాపుకునే చోటు బయటే.

లెన్సు_మల్లన్న
ఆ జూమ్ షాటు అందరు చేస్తమంటరు. పట్టాల మీద ట్రాలీ, జూమ్ తిప్పే మనిషి, ఫోకస్ మనిషి ముగ్గురు ఒక్క లెక్కల కదలాలె. మనుషుల సైజు ఫ్రేముల వెంట్రుకంత మారినా కిటుకు బయటపడుతది. మానిటర్ మీద వాళ్ల తల, నడుము కాడ టేపు ముక్కలు అంటించుకొని రిహార్సల్ చెయ్యాలె. 20 నిమిషాల సినిమాకు వద్దు.

లైటు గురించి ఒక మాట. పేదరికం అంటే నారింజ రంగు బల్బు అని మనోళ్లకు ఎవరు చెప్పిన్రో. ఇప్పుడు ప్రతి అర్రల 9 వాట్ల ఎల్‌ఈడీ, తెల్లగ, 6500 కెల్విన్. కెమెరా రంగు లెక్కను (వైట్ బ్యాలెన్స్) 5000 కాడ పెడితే కొద్దిగ నీలం మిగులుతది, అదే నిజం. పాయల్ కపాడియా 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' (2024) చూడు, మలయాళీ నర్సుల బొంబాయి, వానల నీలం. పేదరికానికి రంగు పూయలేదు. షట్టర్ సెకనుల 50వ వంతు పెట్టు, మన కరెంటు 50 హెర్ట్జ్. జనరేటర్ మీద నడిపితే ఆ లెక్క తప్పి తెర మీద పట్టీలు పాకుతయి, ముందే పరీక్ష చేసుకో.

తంగెడుపువ్వు
ఆ సినిమాలోనే ఆస్పత్రి వంటావిడ పార్వతి ఉంటుంది. ఏళ్ల తరబడి ఉన్న ఇంటికి కాగితం లేదు, బిల్డర్ ఖాళీ చేయమంటాడు. వలసొచ్చిన మనిషికి గది ఉండటం వేరు, గది తనదని చెప్పే కాగితం ఉండటం వేరు. పేట_కెమెరా గారూ, మీ అర్ర ఎవరి పేరు మీద ఉంది? అద్దె ఎవరి చేతికి పోతుంది? గుంపు మేస్త్రి చేతికైతే అతను ఎక్కడ పడుకుంటాడు?

సెట్టు_మేస్త్రి
ప్లగ్గు పక్కన. అర్రకు ఒకటే ప్లగ్గు, ఎక్స్‌టెన్షన్ బాక్సుల ఎనిమిది ఫోన్లు పట్టయి. ఎవరి ఫోను ముందు ఎక్కుతదో వాడే పెద్ద. ఫ్యాను కింద రెండో నెంబరు. కొత్తగ వచ్చినోడు డ్రమ్ము కాడ, రాత్రంత తడి.

మిర్యాలగూడ_మిల్లు
ఒక మాట అడుగుత. మనం పోయిన కథనే ఎందుకు తీస్తం? మన కాడికి వచ్చినోళ్లను ఎవరు తీస్తున్నరు? మిర్యాలగూడ రైసు మిల్లులల్ల బస్తాలు మోసేది బీహార్ హమాలీలు. ఇటుక బట్టీలల్ల ఒడిశా కుటుంబాలు. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లొచ్చినంక పాలమూరు పొలాలల్ల నాట్లకు కూడ బయటోళ్లు దిగుతున్నరు. మిల్లు కాంపౌండు గోడకు ఆనిచ్చి కట్టిన వరుస అర్రలు మీరు బొంబాయిల వెతుకుతున్న అర్రలే. బాయిలర్ వేడి ఒక గోడ నుంచి, ఊక దుమ్ము కిటికీల నుంచి. నడుమ మనమే ఓనర్లం, మనమే సూపర్‌వైజర్లం. ఫాస్‌బిండర్ సినిమాల దూరంగ నిలబడి చూసే వరుసల ఈసారి మనం ఉంటం.

అచ్చంపేట_అక్క
మిల్లు అన్న మాట గట్టిది. పాలమూరు మీద తీసేటోళ్లు ఈ ఎదురు షాటు తియ్యకపోతే కథ సగమే.

మూసీగట్టు
అట్లని పాలమూరు కథ అయిపోయిందని మాత్రం అనకుండ్రి. కోస్గి, మద్దూరు, నారాయణపేట దిక్కు తండాలల్ల ఇప్పటికీ దీపావళి పోయినంక తాళాలు పడుతున్నయి.

పేట_కెమెరా
రెండూ ఒకే సినిమాల పెట్టొచ్చా? ఒకటే సెట్టు, ఒకటే పది బై పది. మొదటి సగం బొంబాయిల పాలమూరోళ్లు, రెండో సగం మిల్లుల బీహారోళ్లు. గోడ మరకలు అవే ఉంచి సామాను మార్చుడు.

సెట్టు_మేస్త్రి
పెట్టొచ్చు గని మరకలు అవే ఉంచితే అబద్ధం అయితది. వాళ్లు గోధుమ పిండి పిసుకుతరు, మనోళ్లు జొన్నరొట్టె కొడ్తరు, పొయ్యి కాడ పిండి పడే తీరే వేరు. వంట మూల గోడ ఒక్కటి రెండు కాపీలు చేసుకో, రెండున్నర షీట్లే ఎక్కువ. మిగిలిన మూడు గోడలు అవే. మిల్లు అర్రకు కిటికీ కింద ఊక దుమ్ము నిజందే తెచ్చి చల్లు, రంగు పొడి చల్లితే కెమెరాకు తెలిసిపోతది.

సౌండు_రీలు
మిల్లు సీన్లకు భోజ్‌పురి, మైథిలి వచ్చినవాళ్లను పెట్టుకోండి, హిందీతో సరిపెట్టకండి. డైలాగు పేపరు వాళ్లకే ఇచ్చి వాళ్ల మాటలో చెప్పించి రికార్డు చేసుకోండి, తర్వాత తెలుగు సబ్‌టైటిల్ ఆ రికార్డు చూసి రాయండి. ఊక దుమ్ములో మైకులకు ఫోమ్ తొడుగులు రెండేసి ఉంచుకోండి, ఒకటి నిండగానే మార్చాలి.